రెండో డోసు దగ్గరే జారిపోతున్నాం

సంపాదకుడికి,

పిల్లలకు టీకాలు అవసరమా అని వాట్సాప్‌లో సాగే వాదన శ్రీకాకుళం జిల్లా ఇబ్బందిని తాకదు. ఇక్కడ టీకా వద్దనే తల్లులు తక్కువ. రెండో డోసుకు రాలేకపోయేవాళ్లే ఎక్కువ.

రక్షణ లేనిచోట తట్టు ఒక బిడ్డ నుంచి 12-18 మందికి అంటుకుంటుంది. ఊళ్లో నూటికి 95 మందికి రక్షణ ఉంటే తప్ప ఆగదు. తొమ్మిది నెలలు నిండాక వేసే మొదటి ఎంఆర్ (తట్టు-రుబెల్లా టీకా) డోసు నూటికి దాదాపు 85 మందిలోనే పనిచేస్తుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొందరిలో ఇంకా మిగిలి ఉండి టీకాను అడ్డుకుంటాయి. అంటే నూరుమందిలో 95 మందికి సూది పడినా రక్షణ దొరికేది 81 మందికే. మనం మాత్రం రిజిస్టర్‌లో 95 చూసి మురిసిపోతాం. ఆ తేడాను పూడ్చేది 16-24 నెలల మధ్య వేసే రెండో డోసు. తొమ్మిది నెలలు నిండని పసికందులకు చుట్టూ ఉన్న పిల్లల రక్షణే దిక్కు.

ఆ రెండో డోసు ఎందుకు తప్పుతోంది? తొలి కాన్పు పుట్టింట్లో, టీకా కార్డు రాసేది అక్కడి ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త). ఏడాది తిరిగేసరికి బిడ్డ అత్తవారి ఊళ్లో. అక్కడి జాబితాలో పేరెక్కదు, పుట్టింటి ఊళ్లో ‘వెళ్లిపోయారు’ అని కొట్టేస్తారు. చెన్నై, హైదరాబాద్ కట్టడం పనులకు బిడ్డల్ని వెంటేసుకుని వెళ్లేవాళ్ల సంగతి సరేసరి.

ఇంకోటి సీసా గొడవ. ఎంఆర్ మందు పొడిగా వస్తుంది. ద్రావకం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) సీసాను తెరిచాక మళ్లీ వాడొచ్చు, దీన్ని వాడే వీల్లేదు. అందుకే ఇద్దరే పిల్లలొస్తే ‘వచ్చే వారం రండమ్మా’ అని పంపేసే చోట్లున్నాయి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. కూలి మానుకుని వచ్చిన తల్లి మళ్లీ వస్తుందన్న నమ్మకమేమిటి?

జ్వరం భయమూ ఉంది. రెండో డోసు పూటే డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ తొడకు, ఎంఆర్ కుడి చేతికి వేస్తారు. ఆ రాత్రి వచ్చే జ్వరం చాలావరకు డీపీటీది. ఎంఆర్ వల్ల వస్తే 7-12 రోజులకు వస్తుంది, కొందరికి సన్నటి దద్దుర్లతో. ఈ రెండు మాటలూ సూది వేసేటప్పుడే చెబితే సగం పుకార్లు పుట్టవు.

సంక్రాంతికి వలస కుటుంబాలు ఊళ్లకు చేరతాయి. ఆ వారం పండగ సెలవులు చూసుకోకుండా వైద్యారోగ్య శాఖ ప్రతి సచివాలయం పరిధిలో ఒక ఎంఆర్ పూట పెట్టాలి. కార్డు పోయిందని ఎవర్నీ తిప్పి పంపొద్దు: డోసు ఒకటి ఎక్కువైనా హాని లేదు. తప్పిపోయినవాళ్లకు ఐదేళ్లు నిండేలోపు, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడంతో వేయొచ్చు.

– ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు, టెక్కలి