పాత వంపులకు చదరపు మీటర్ల లెక్క సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి చుట్టుపక్కల పాత సత్రాలకు, మండపాలకు, మిద్దెలకు మరమ్మతు చేయించేటప్పుడు అంచనాలో ‘ప్లాస్టరింగ్, ఇన్ని చదరపు మీటర్లు’ అని ఒక్క వరుసతో సరిపెడుతున్నారు. గోడ నున్నగా ఉంటే ఆ లెక్క చాలు. చూరు కింద గోడ పొడవునా సాగే కపోతం (ముందుకొచ్చి వంగిన అంచు), తలుపు నెత్తిన గారతో, అంటే సున్నం, ఇసుక కలిపిన ముద్దతో తీసిన వంపు పట్టీలు అందులో ఇమడవు. వాటికి విడిగా డబ్బు రాయకపోతే కాంట్రాక్టరు చెక్కేసి నున్నగా పూస్తాడు, లేదంటే ఓ అర గుండ్రం బీడింగు (బజారులో దొరికే సన్న పట్టీ) అతికిస్తాడు. తప్పు తాపీ పట్టిన మేస్త్రీది కాదు, అంచనా దగ్గరే జరిగిపోయింది.

ఇవి సోకు కోసమే అనుకుంటే పొరపాటు. కపోతం ముందుకొచ్చి కిందికి వంగేది వాన నీటిని గోడకు ఎడంగా జార్చడానికే. గార పట్టీ అడుగున సన్నటి గాడి తీసేదీ అందుకే. ఆ గాడిని సిమెంటుతో పూడిస్తే నీరు వెనక్కి పాకి, కార్తీకం దాటేసరికి గోడ చెమ్మెక్కుతుంది. గుడి, మండపాల రాతి పీఠాన్ని అధిష్ఠానం అంటారు. అందులో కుముదం అనే ఉబ్బెత్తు వరుస ఒకచోట గుండ్రంగా, ఇంకోచోట మూడు పలకలుగా ఉంటుంది. వృత్త కుముదం, త్రిపట్ట కుముదం అని శిల్పులు వేర్వేరుగా చెప్పేవి ఇవే. ఒకదానికి బదులు ఇంకోటి పెడితే అధిష్ఠానం జాతే మారిపోతుంది.

వంపు కొలత తీయడం ఖరీదైన పనేమీ కాదు. ముందు జానెడు మేర పాత సున్నం, ఎనామిల్ పొరలు గీకి అసలు అంచు తేల్చాలి. పూతలు గాడుల్లో పేరుకుని ఉంటాయి కాబట్టి పైపైన కొలిస్తే ఆ పూడిక కొలతే వస్తుంది. చిన్న వంపులకు కాంటూర్ గేజ్ (వంపుకు ఆనిస్తే పుల్లలు జరిగి ఆ ఆకారం పట్టే పరికరం) సరిపోతుంది. లోతైన గార పట్టీకైతే పగిలిన చోట రంపపు బ్లేడుతో సన్నగా కోసి, రేకు ముక్క దూర్చి, అంచు వెంబడి గీత గీసుకోవాలి. రాతిని మాత్రం కోయకూడదు. దారానికి తూకపు గుండు కట్టి వేలాడదీసి, సెంటీమీటరుకోసారి దారం నుంచి రాతికి ఎడం కొలవాలి. చేత్తో తీసిన పని అంతటా ఒకేలా ఉండదు, కనీసం మూడు చోట్ల చూడాలి. బొమ్మ అసలు సైజులోనే గీయాలి, కుదించకూడదు.

ఆ గీత ప్రకారం జీఐ (జింకు పూత ఇనుప) రేకు కత్తిరించి, ఆకురాయితో నునుపు చేసి, చెక్కకు బిగిస్తే ఫర్మా, అంటే వంపు తీసే అచ్చు, తయారు. ట్యూబ్ లెవెల్‌తో (నీళ్ల గొట్టంతో) మట్టం చూసి గోడకు రీపరు, అంటే సన్న చెక్క పట్టీ, కొట్టి, దానిమీద ఫర్మాను ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగాలి. గారకు కలపాల్సినవి: గానుగలో నూరిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు నుంచి మూడు పాళ్లు, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు. పొర అర అంగుళం మించకూడదు. లోపలి పొరలు అసలు వంపుకు నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువగా ఆపి, అవి గట్టిపడ్డాకే మెత్తటి సున్నంతో ఆఖరి పొర లాగాలి. ఒకేసారి దట్టంగా వేస్తే బరువుకు జారుతుంది, ఆరాక బీటలిస్తుంది. మూలల్లోకి ఫర్మా పోదు. అక్కడ చిన్న తాపీతో చేత్తోనే తీయాలి, అసలు పనితనం తెలిసేది అక్కడే. సున్నం మీద సిమెంటు వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు పొంగి, కొత్త పట్టీ పాత గారను కూడా పట్టుకుని ఊడిపడుతుంది.

కాలం కూడా చూడాలి. కొత్త గారను తడి గోనెలు కప్పి కనీసం వారం పాటు చెమ్మగా ఉంచాలి. మే ఎండకు అది పిండైపోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు కడిగేస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. మనవాళ్లేమో మార్చి బిల్లుల హడావిడి తీరాక ఎండల్లో మొదలుపెడతారు!

ద్వారబంధాలదీ ఇదే గోల. చెక్కలో వంపు తీసే రౌటర్ మిషనుకు బజారులో దొరికే బిట్లు (కత్తులు) ఎక్కువగా వృత్తంలో ముక్కల్లాంటి వంపులే తీస్తాయి. పాత చిత్రికతో తీసిన వంపు అంత గుండ్రంగా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు వంపుకు తగ్గట్టు కత్తి సానబట్టించుకోవాలి. చెక్క నారకు అడ్డంగా వచ్చే అంచు (అడ్డుపేడు) ముందు, నార వెంబడి వచ్చే అంచు (నిలువుపేడు) తర్వాత తీస్తే మూల పెచ్చు ఊడినా రెండోసారికి సర్దుకుంటుంది. గడప దగ్గర ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమిన పలక) బీడింగు వద్దు, నాలుగు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది.

చంద్రగిరి రాజమహల్ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటోంది. మేమడిగేది ఆ జాబితాకెక్కని వాటి గురించి. 1516 నాటి శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. కూలాక ఏ వంపునూ కొలవలేం. కాబట్టి నగరపాలక సంస్థ, దేవాదాయ శాఖ టెండరుకు ముందే ప్రతి వంపుకూ అసలు సైజు బొమ్మ తీయించాలి. ఒక్కో వంపుకు రన్నింగ్ మీటరు (పొడవు మీటరు) లెక్కన విడిగా రేటు రాయాలి. ముందు ఒక మీటరు నమూనా చేయించి, పాతదాని పక్కన పెట్టి చూశాకే మిగతా పని ఒప్పుకోవాలి. చివరి బిల్లు చెల్లించేదాకా ఫర్మా కాంట్రాక్టరు దగ్గర కాక ఇంజినీరు దగ్గర ఉండాలి.

ఇట్లు,
పాత కట్టడాల పని చేసే తాపీ, వడ్రంగి మేస్త్రీలు,
తిరుపతి