అబ్బాయిలను గ్రౌండ్‌కి పంపకండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. మొన్న మా బడిలో వేధింపుల మీద అవగాహన సదస్సు పెట్టారు. అమ్మాయిలను హాల్లో కూర్చోబెట్టి, అబ్బాయిలను గ్రౌండ్‌కి పంపేశారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడు ఫోన్ చేయాలో అమ్మాయిలు నోట్‌బుక్కుల్లో రాసుకుంటుంటే, కిటికీలోంచి బంతి చప్పుడు వినబడుతూనే ఉంది. అసలు వినాల్సినవాళ్లు బయట ఆడుకుంటున్నారండీ!

ఆడపిల్లలను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసుల షీ టీమ్స్ 2014లో వచ్చాయి. వెంటపడటం 2013 నుంచే నేరం. ఈ సంగతి మా తొమ్మిదో తరగతి అబ్బాయిలను అడిగితే ఒక్కడూ చెప్పలేదు. హీరో వదలకుండా తిరిగితే చివరికి పిల్ల ఒప్పుకుంటుందని మాత్రం అందరూ చెప్పారు. తెర మీద సిగరెట్ కనబడితే కింద హెచ్చరిక వేస్తారు, అమ్మాయి దారికి అడ్డం నిలబడితే పాట వేస్తారు మరి.

వచ్చే సదస్సుకి అబ్బాయిలనూ, వీలైతే వాళ్ల నాన్నలనూ పిలవమని ఒక సర్క్యులర్ ఇవ్వండి. కుర్చీల సంగతి మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బడి సోషల్ టీచర్