వార్డెన్ మళ్లీ కనిపించాడు

ఒరేయ్ సుబ్బూ,

ముందే చెబుతున్నాను, తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను. రెండు పాప చింపేసింది, మూడోదాని వెనక అమ్మ చీటీ లెక్కలు రాసుకుంది. అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. చెల్లెలికి సంబంధం కుదిరేలా ఉంది, ఆ కథ చివర్లో రాస్తాను. అసలు సంగతి ఇది: వార్డెన్ కనిపించాడు!

హాస్టలు వార్డెన్ కాదురా, మన గాజు తొట్టెలో పెంచిన చేప, వార్డెన్. పగలంతా రాయి వెనక నక్కి, దీపాలార్పగానే గస్తీకి బయలుదేరేవాడే, వాడు.

పాపకు గూడబాతులు చూపిద్దామని మొన్న ఆదివారం ఆటపాక వెళ్లాం. పక్షుల సంగతి సరే, చూశాం, బాగున్నాయి. తిరిగి వస్తుంటే కొల్లేటి గట్టు మీద ఒక ముసలాయన వల ముందేసుకుని బూతులు తిడుతున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వలలో నల్లగా, ఒళ్లంతా చుక్కలతో, మూరెడు చేప. వీపు మీద తెరచాపలాంటి రెక్క, పొట్ట కింద నోరు. చర్మమా అది, పెంకులు పేర్చినట్టు! ముళ్లు వలలో చిక్కుకుని ఊడి రావడం లేదు. చివరికి ఆయన కత్తితో వల కోసేశాడు. "దెయ్యం చేప బాబూ. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. వల కుట్టుకోవడానికే పూట గడిచిపోతోంది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ నోరు గాజుకు అతుక్కుని ఉండగా ఎన్ని రాత్రులు చూడలేదు మనం!

అక్కడే కూర్చుండిపోయాను. అరగంటైనా అది గట్టు మీద కదులుతూనే ఉంది. గాలి మింగి బతుకుతుందట. ఎండలు ముదిరి నీళ్లు వేడెక్కితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కదా, అప్పుడు బొచ్చెలు, శీలావతులు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, దీనికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా వేసవిలో కొల్లేటిలో నీరు పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రం నీరు ఎదురెక్కి వస్తుంది. "ఒకప్పుడు వానలకు ఒక లెక్కుండేది. ఇప్పుడు అయితే చుక్క ఉండదు, లేకపోతే బుడమేరు ఊళ్ల మీద పడుతుంది" అన్నాడాయన. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి వచ్చి కలిసేది ఇక్కడేగా.

హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో ఈ చేపల డీఎన్ఏ జాడ వెతికితే, తూర్పు కనుమల జలాశయాల్లో 60 శాతం చోట్ల దొరికిందట. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఎక్కడి దక్షిణ అమెరికా, ఎక్కడి తూర్పు కనుమలు! మధ్యలో మనలాంటి వాళ్ల బకెట్లు.

గుర్తుందా, హాస్టలు ఖాళీ చేసిన రోజు? ఏలూరులో తమ్మిలేటి వంతెన కింద నువ్వు బకెట్ పట్టుకున్నావు, నేను వంచాను. "పోరా వార్డెన్, స్వేచ్ఛ" అని నువ్వు చెయ్యి కూడా ఊపావు. మహా పుణ్యం చేసినట్టు ఆ రాత్రి మిరపకాయ బజ్జీలు తిన్నాం. తమ్మిలేరు ఎక్కడికి పోతుందో తెలియదు మనకు. కొల్లేటికి పోతుంది నాయనా! 1999లోనే అభయారణ్యం చేసి, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు ఎక్కించిన కొల్లేటికి.

జత లేకుండా ఒక్క చేపకు పిల్లలెలా పుడతాయని అడుగుతావు, నాకు తెలుసు. ఆ ఏడాది గది ఖాళీ చేసింది మనమొక్కళ్లమేనా?

ముసలాయనకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. పాప పక్కనే ఉంది. చెప్పలేదురా. వల ఖరీదు ఎంతని మాత్రం అడిగాను, ఆయన వింతగా చూశాడు. వచ్చే వారం మళ్లీ వెళ్దామని... చూడాలి. నువ్వొస్తే ఇద్దరం కలిసి వెళ్లవచ్చు, బకెట్ పట్టుకున్నది నువ్వు కాబట్టి సగం వాటా నీది.

బాబాయి ఏలూరు వెళ్తూ పోస్టులో వేస్తానని గుమ్మంలో నిలబడి వాచీ చూస్తున్నాడు. చెల్లెలి సంబంధం సంగతి రాయనే లేదు! అబ్బాయిది మీ పక్క ఊరే, ఇంటిపేరు చెబితే నవ్వుతావు, మన వార్డెన్‌ది... బాబాయి కేక వేస్తున్నాడు. ఉంటాను.

నీ
రాంబాబు