స్క్విడ్ వేటకు పడవ కంటే ముందు పంచాంగం చూడండి

సంపాదకులకు నమస్కారం.

వియత్నాం వెళ్లే తెలుగువాళ్లు పెరిగాక పత్రికల పర్యాటక పేజీల్లో ఫూక్వాక్ దీవి తరచూ కనిపిస్తోంది. బీచ్‌లు, కేబుల్ కారు, రాత్రి బజారు అన్నీ రాశాక చివర్లో 'సాయంత్రం పడవెక్కి స్క్విడ్ పట్టొచ్చు' అని ఒక్క ముక్క ఉంటుంది, పక్కన పచ్చ దీపాల ఫొటో. (స్క్విడ్ అంటే ఆక్టోపస్‌కు చుట్టమైన, గొట్టంలాంటి ఒళ్లున్న సముద్రజీవి.) ఏ నెలలో, ఏ తిథిన అన్నది మాత్రం ఉండదు. ఆ ఒక్క ముక్క నమ్మి జూన్‌లో, అదీ పౌర్ణమి నాడు పడవెక్కి, మూడు గంటలు ఊగిసలాడి, వాంతులు చేసుకుని, ఉత్తచేతులతో దిగి 'మోసపోయాం' అనేవాళ్లు ఎక్కువయ్యారు. పడవవాళ్లలో మోసగాళ్లు లేరని కాదు. కానీ చాలాసార్లు తప్పు తేదీది.

ముందు నెల సంగతి. ఫూక్వాక్ థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉంది. సాయంత్రపు పడవలు ఎక్కువగా పడమటి ఒడ్డున దువాంగ్ డాంగ్ నది మొగ దగ్గర్నుంచి, దక్షిణాన ఆన్ తోయ్ రేవు నుంచి బయల్దేరతాయి. మనకు వానలు తెచ్చే నైరుతి గాలే అక్కడా వీస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా అది పడమటి ఒడ్డును నేరుగా కొడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి ఈశాన్యానికి మళ్లుతుంది, దీవే అడ్డుగోడ అవుతుంది, పడమటి వైపు నీళ్లు చెరువులా ఉంటాయి. మన బడుల వేసవి సెలవుల్లో ఎక్కువ భాగం, దసరా సెలవులు కూడా తప్పు వైపే పడ్డాయి. వానాకాలంలో కొన్ని పడవలు దీవికి తూర్పు వైపు వెళ్తాయి, కొన్ని ఆగిపోతాయి. 'ఏమీ కాదు, వెళ్దాం' అనే సరంగు కంటే 'ఈ రోజు వద్దు' అనే సరంగు మంచివాడు.

ఇక తిథి. పడవ పక్కన వేలాడే దీపం నీళ్లలో ఒక వెలుగు మడుగు చేస్తుంది. దానికి నలకల్లాంటి జీవులు చేరతాయి, వాటికోసం చిన్న చేపలు, రొయ్య పిల్లలు వస్తాయి. వీటిని తినడానికి స్క్విడ్ వస్తుంది గానీ నడి వెలుగులోకి రాదు. వెలుగూ పడవ నీడా కలిసే అంచున మాటు వేసి, ఒక్క దూకు దూకి, పట్టుకుని వెనక్కి పోతుంది. సముద్రమంతా వెన్నెల పరుచుకున్న రాత్రి ఈ చిన్న మడుగును పట్టించుకునేదెవరు? స్క్విడ్ చెదిరిపోయి లోతున ఉండిపోతుంది.

పంచాంగం ఇంట్లో ఉన్నవాళ్లకు దీనికి యాప్ అక్కర్లేదు. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పౌర్ణమి నాడు పొద్దుగుంకడంతోనే వచ్చేస్తాడు. బహుళ చవితి నాటికి తొమ్మిది దాటుతుంది. సంకటహర చతుర్థి ఉపవాసం ఉండేవాళ్లకు ఆ ఎదురుచూపు తెలిసిందే. ఈ పడవలేమో తొమ్మిదికల్లా రేవుకు చేరిపోతాయి. కాబట్టి బహుళ చవితి నుంచే పూర్తి చీకటి దొరుకుతుంది. అమావాస్య దాటాక కూడా శుద్ధ చవితి దాకా నెలవంక సన్నగా ఉండి త్వరగా దిగిపోతుంది. శుద్ధ పంచమి నుంచి బహుళ తదియ దాకా ఆ డబ్బు ఇంకో దానికి ఖర్చుపెట్టుకోవడం మేలు. అమావాస్యకు అటూ ఇటూ రెండు రోజులే పనికొస్తాయని కొందరంటారు. తెల్లవార్లూ వేటాడే జాలర్లకు ఆ కట్టడి అవసరమేమో గానీ, సాయంత్రం మూడు గంటల షికారుకు కాదు. పంచాంగం వెంట లేకపోయినా ఫర్వాలేదు, వియత్నాం గోడ క్యాలెండర్లలో చాంద్రమాన తేదీ చిన్న అంకెలో ఉంటుంది. అక్కడ 15 అంటే పౌర్ణమి. 19 నుంచి నెలాఖరు, మళ్లీ 1 నుంచి 4: ఇవి మీ రోజులు. వాళ్ల కొత్త సంవత్సరం టెట్ ఎప్పుడూ 1వ తేదీనే కాబట్టి చీకటికి లోటుండదు, కానీ ఆ వారం రద్దీ, ధరలు రెండూ ఎక్కువే.

సాయంత్రం అయిదు ప్రాంతంలో పడవ కదులుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొద్దు గుంకేది 5.40 నుంచి 6.15 మధ్య. దీపాలు బాగా పని చేసేంత చీకటి పడేసరికి ఆరున్నర దాటుతుంది. తిరుగు ప్రయాణం ఎనిమిదింటికో ఎనిమిదిన్నరకో. మధ్యలో తిండి. లెక్క వేస్తే గేలం నీళ్లలో ఉండేది గంటా గంటన్నర. ఆ కాస్త వ్యవధిలో, కొత్త చేతులతో, మనిషికి ఒకటో రెండో పడితే మంచి రాత్రే. బుట్టలకొద్దీ పడతాయని చెప్పేవాణ్ని నమ్మకండి. దూరాన దిగంతం మీద వరసగా కనిపించే వెలుగులు అసలు వేటపడవలవి, వాళ్ల దీపాల శక్తి వేరు, వలలు వేరు.

గేలం అంటే మనకు తెలిసిన ఎర గుచ్చే కొక్కెం కాదు. రొయ్య ఆకారంలో, పైన గుడ్డ తొడుగుతో, తోక దగ్గర గొడుగు ఊచల్లా పైకి తిరిగిన రెండు వరసల సన్న ముళ్లతో ఉంటుంది. ఇది జపాన్‌లో పుట్టిన పనిముట్టు, అక్కడ ఎగి అంటారు. 2, 2.5, 3, 3.5 అని అంకెల్లో దొరుకుతుంది. పర్యాటక పడవల దగ్గర పడే చిన్న గొట్టపు స్క్విడ్‌కు 2 లేదా 2.5 చాలు. ముఖ్యమైన సంగతేమంటే ఆ ముళ్లకు మామూలు గేలానికి ఉన్నట్టు ఎదురుముల్లు ఉండదు. దారం ఒక్క క్షణం వదులైతే స్క్విడ్ జారిపోతుంది. రంగు గురించి అంగళ్లలో చెప్పేదంతా కథ. స్క్విడ్ కంటికి రంగులు తెలియవు, వెలుగునీడల తేడాయే తెలుస్తుంది. గులాబీ ఎగి కొన్నా నారింజ ఎగి కొన్నా అది మీ సరదా. తొడుగు చిరిగి ఉందా, ముళ్లు వంగి ఉన్నాయా, అది చూసుకోండి.

దారాన్ని వేలు మీదుగా జారనిస్తూ గేలాన్ని కిందికి వదలండి. 2.5 అంకె ఎగి మీటరు దిగడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. పది మీటర్ల లోతుకు నెమ్మదిగా నలభై లెక్కపెట్టొచ్చు. దారం ఒక్కసారి వదులైందంటే అడుగు తగిలినట్టు. అక్కడి నుంచి ఒక మీటరు పైకి లాగి ఆపండి. ఇప్పుడు చేతిని రెండడుగుల మేర చటుక్కున రెండుసార్లు ఎత్తి, మళ్లీ దించి, నాలుగైదు సెకన్లు కదలకుండా ఉంచండి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. పంపు కొట్టినట్టు ఆగకుండా ఆడిస్తారు. స్క్విడ్ పట్టేది ఊపినప్పుడు కాదు, గేలం ఊగడం మాని కిందికి జారుతున్నప్పుడు. చేప లాగినట్టు గుంజదు కూడా. తడి తువ్వాలు తగులుకున్నట్టు దారం బరువెక్కుతుంది, అంతే. అప్పుడు 'పడింది' అని గట్టిగా గుంజారో, దానికున్న రెండు పొడుగు చేతుల్లో ఒకటి తెగి గేలానికి మిగులుతుంది, స్క్విడ్ పోతుంది. ఒకే వేగంతో, చెయ్యి మార్చేటప్పుడు కూడా దారం వదులు కాకుండా లాగండి. కొంత పైకి తెచ్చినా ఏమీ తగలకపోతే మళ్లీ అడుగు దాకా వదలకుండా, దీపం కింద మూడు నాలుగు మీటర్ల లోతులో ఆడించి చూడండి. రాత్రి ముదిరేకొద్దీ అవి పైకి వస్తాయి.

నీటిపైకి రాగానే పడవలోకి లాగేయకండి. అర నిమిషం అక్కడే ఉంచితే లోపలి నీళ్లు, సిరా కక్కేస్తుంది. అది చిమ్మే గొట్టం పొట్ట వైపు, తల కింద ఉంటుంది. ఆ వైపు సముద్రానికి తిప్పి పట్టుకోండి, సెల్ఫీ తీసుకునే మనిషి వైపు కాదు. వియత్నాం భాషలో స్క్విడ్‌నూ సిరానూ ఒకే మాటతో 'ముక్' అంటారంటే ఊరికే కాదు. చొక్కా మీద పడితే వెంటనే చన్నీళ్లతో, సబ్బుతో ఉతకాలి, ఆరిందంటే ఇక పోదు. పట్టుకునేది తల వెనక, గొట్టంలాంటి ఒంటిని. దాని చేతుల మధ్య చిలక ముక్కులాంటి గట్టి నోరుంటుంది, కొరుకుతుంది. చేతిలో ఉండగానే ఒంటి మీద గోధుమ చుక్కలు విచ్చుకుంటూ ముడుచుకుంటూ, ఒక అల తల నుంచి తోక దాకా పరిగెత్తినట్టు కనిపిస్తుంది. అరచేతికంటే చిన్నదైతే ఆ చూపు చాలు, వదిలేయండి. ఇంకో సంగతి, గేలానికి గానీ బకెట్లో గానీ నీలి ఉంగరాలున్న చిన్న ఆక్టోపస్ కనబడితే ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. వియత్నాం సముద్రాల్లో అది ఉంది. దాని విషం వండినా పోదు.

పడవలో జరిగే గొడవల్లో సగం దారాలవే. అందరూ దీపం వైపే చేరి గేలాలు వేస్తే ప్రవాహానికి అన్నీ ఒక ముడి అవుతాయి. పడవ కూడా ఒరుగుతుంది, సరంగు అరిచేది అందుకే. దారం నిట్టనిలువుగా దిగకుండా పడవ కిందికి కొట్టుకుపోతుంటే గేలానికి మూరెడు పైన పది ఇరవై గ్రాముల సీసం కట్టమని అడగండి. లంగరు తాడుకు తగులుకుంటే గుంజకండి, దారం వదిలి పక్కకు జరిగి లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది. సన్న నైలాన్ దారం తడి వేలిని కోస్తుంది, చూపుడు వేలికి ముందే ఒక బ్యాండేజీ చుట్టుకోండి.

కడుపులో తిప్పడం గురించి. పడవ పోతున్నప్పటి కంటే లంగరు వేసి ఊగుతున్నప్పుడే ఎక్కువ తిప్పుతుంది, పైగా చీకట్లో దిగంతం కనబడదు. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరును అడిగి, ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక మింగితే ఆ మాత్ర కూడా బయటికే వస్తుంది. నిద్రమత్తు తెప్పించే మాత్ర మీద బీరు వద్దు. పడవ మధ్యలో, ఇంజన్ పొగ రాని వైపు కూర్చుని ఒడ్డు దీపాలు చూడండి. ఫోను చూడకండి, నీళ్లలోని పచ్చ వెలుగునైతే అసలు చూస్తూ కూర్చోవద్దు.

లైఫ్ జాకెట్టు ఉక్కగా ఉందని తీసి సీటు కింద పెట్టేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఏం జరిగిందో చూశాం. 2025 జూలై 19న వియత్నాంలోనే హా లాంగ్ బేలో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకు పర్యాటకుల పడవ తిరగబడి పదుల సంఖ్యలో చనిపోయారు. డబ్బు కట్టేముందే అడగండి: ఎంతమందిని ఎక్కిస్తారు, పిల్లల కొలత జాకెట్లు ఉన్నాయా, వాతావరణం బాగాలేక ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా, మనిషికో గేలం ఉందా లేక ఇద్దరికొకటా. ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పనివాడి పడవ వద్దు.

తిండి సంగతి క్లుప్తంగా. పడవలో పెట్టే స్క్విడ్ జావ బాగుంటుంది. అల్లం, ఉల్లికాడలు, ఆ దీవి మిరియాలు పడతాయి. అందులోని స్క్విడ్ అంతా మీరు పట్టిందే అనుకోకండి, చాలావరకు రేవులో కొన్నదే, అందులో తప్పేమీ లేదు. శాకాహారులు, కార్తీకమాసం పాటించేవాళ్లు ముందే చెప్పి వేరే వండించుకోండి. ముక్కలు తీసేసినా జావలో చేపల సాస్ ఉంటుంది, ఆ దీవి పేరు మోసిందే దానితో. రొయ్యలు పడని ఒళ్లకు స్క్విడ్ కూడా పడకపోవచ్చు. మీరు పట్టినదాన్ని కాల్చి ఇమ్మంటే నిమిషం రెండు నిమిషాలకు మించి కాల్చనివ్వకండి, మూడో నిమిషం నుంచి రబ్బరే.

మా కోరిక చిన్నది. పర్యాటక పేజీలో ఈ షికారు గురించి రాసినప్పుడల్లా పక్కన నెల, తిథి కూడా వేయండి. మాటవరసకు 2027 సంక్రాంతి సెలవులు నెలకు సరిపోతాయి గానీ తిథికి కాదు. జనవరి 14 శుద్ధ సప్తమి ప్రాంతం, చీకటి పడేసరికి సగం చంద్రుడు నడినెత్తిన ఉంటాడు. అదే టిక్కెట్టు జనవరి 26 సెలవుకు మార్చుకుంటే చంద్రుడు తొమ్మిది దాటాక గానీ రాడు, అప్పటికి పడవ రేవులో ఉంటుంది.

ఇట్లు,
ఫూక్వాక్‌లో పర్యాటకుల పడవ ఏర్పాట్లు చూసే కొందరు తెలుగువాళ్లం