సంకలనం ఎందుకు ఆలస్యమైందంటే...

ముందుగానే డబ్బు కట్టి పుస్తకం కోసం ఎదురుచూస్తున్న పాఠక మిత్రులకు నమస్కారం.

విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి సైన్స్ ఫిక్షన్ కథల సంకలనం మీ చేతికిస్తానన్నాను. రాలేదు. ఉగాదికి కూడా రాదు. "ఏమైంది సార్, కథలు దొరకలేదా?" అని ఫోన్ చేసి అడుగుతున్నారు. కథలకు లోటు లేదు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం చివరికి అంతా కల అని తేలేవి, కాదంటే రోబో ప్రేమలో పడేవి. తీసుకోని ప్రతి కథకీ ఎందుకు తీసుకోలేదో రెండు ముక్కలు రాసి పంపుతున్నాను. జవాబు రాకపోతే ఆ పిల్లలు మళ్లీ కలం పట్టరు. తెలుగులో ఇలాంటి కథలు రాసేవాళ్లే తక్కువ.

అసలు పని బాగున్న కథతోనే. ఒక రచయిత్రి పంపిన కథలో, అంగారకుడి మీద ఉద్యోగం చేసే కొడుకు గుంటూరులో ఉన్న తల్లితో ఫోన్లో మాట్లాడుతుంటాడు. చదువుతుంటే గొంతు పట్టేసింది. కానీ అక్కడి మాట ఇక్కడికి చేరడానికి, రెండు గ్రహాలూ బాగా దగ్గరగా ఉన్నప్పుడే సుమారు 3 నిమిషాలు పడుతుంది. బాగా దూరంగా ఉంటే 22 నిమిషాలు. "అమ్మా" అన్నాక "చెప్పు నాన్నా" వినపడాలంటే దానికి రెట్టింపు. ఆ సంగతి చెబితే, "అయితే ఇక కథే లేదండీ" అని ఆవిడ డీలా పడిపోయారు. కథంతా ఆ ఆలస్యంలోనే ఉందన్నాను. కొన్ని వారాలకి తిరగరాసి పంపారు. ఇప్పుడు ఇద్దరూ ఎవరి మాటలు వాళ్లు రికార్డు చేసి పంపుకుంటారు. ఆక్సిజన్ యంత్రం మొరాయించిందని కొడుకు చెబుతుండగా, అంతకుముందే బయల్దేరిన తల్లి మాట వచ్చి చేరుతుంది: గోంగూర పచ్చడి పెట్టాను, ఎవరి చేత పంపించను అని. ఆ ఒక్క పేజీ కోసం ఎన్నాళ్లు ఆగినా నాకు బాధ లేదు.

పాత కథలు కూడా ఉండాలన్నది నా పట్టుదల. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల పాటు హక్కులు వారసులవి. జగదీశ్ చంద్ర బోస్ 1937లో పోయారు. 1896లో ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీకి ఆయన బెంగాలీలో రాసిన కథకి, అదే తుపాను తలనూనెతో శాంతించే కథకి, ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏటా తుపాన్లు చూసే మన కోస్తా వాళ్లు తప్పకుండా చదవాల్సిన కథ. అయితే మూలం హక్కులు తీరిపోయినా, ఆ తర్వాత ఎవరో చేసిన అనువాదం హక్కులు తీరిపోవు. అందుకే బెంగాలీ నుంచి కొత్తగా అనువాదం చేయిస్తున్నాం. కొడవటిగంటి కుటుంబరావుగారు 1980లో పోయారంటే, 2040 చివరిదాకా ఆయన కథ ఏది వేయాలన్నా వారసుల ఒప్పుదల కావాలి. మేం వేస్తున్న మరో పాత రచయిత వారసులు ముగ్గురు, మూడు ఊళ్లలో ఉన్నారు. ఇద్దరి సంతకాలు అందాయి. మూడోది రావాలి.

ఇక డీటీపీ. చాలామంది ఇప్పటికీ "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లలో పంపుతారు. వాటిని ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. అది కంటికి తెలుస్తుంది, దిద్దుకోవచ్చు. అక్షరం పక్కన రావాల్సిన సున్న బదులు అచ్చం అలాగే కనిపించే తెలుగు అంకె సున్నా పడితే మాత్రం కాగితం మీద తెలియదు, ఈ-బుక్‌లో "అంగారకుడు" అని వెతికితే దొరకదు. అందుకే ప్రూఫులు మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరులో కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. పుస్తకాల అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి, కాగితానికి మేం కట్టిన పన్నుని అందులో సర్దుకునే దారి లేదు, అది వెనక్కి రాదు. పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టుని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేశాక పంపే ఖర్చూ పెరిగింది. రచయితల పారితోషికం తగ్గించుకుంటే లెక్క సరిపోతుందని దగ్గరివాళ్లు సలహా ఇచ్చారు. తగ్గించను. కథ తీసుకుంటే డబ్బులివ్వాలి, ఆ నియమంతోనే ఈ సంస్థ పెట్టాను. కొత్తగా కొనేవాళ్లకి ధర పెరుగుతుంది. ఇప్పటికే కట్టినవాళ్లని పైసా అడగను.

ఆగలేమనుకున్నవాళ్లు వాట్సాప్‌లో ఒక్క మాట చెప్పండి, కారణం అడక్కుండా డబ్బు తిరిగి పంపేస్తాను. ఆగేవాళ్లకి ఆ మూడో సంతకం అందాకే తేదీ చెబుతాను. ఈలోగా ఇల్లు మారినవాళ్లు కొత్త చిరునామా పిన్‌కోడ్‌తో సహా పంపండి.