ఆ ఎనిమిది గొంతుల్లో ఒకటి ఆమెదే

సంపాదకులకు నమస్కారం.

చిన్న వయసులో పెద్ద అవార్డు వచ్చినవాళ్ళ మీద పత్రికల్లో వచ్చేవన్నీ ఒకే మూసలో ఉంటాయి, రాత్రికి రాత్రి వెలిగిపోయిన ప్రతిభ అంటూ. అమెరికా స్వరకర్త కరొలైన్ షా గురించి ఎక్కడ చదివినా ఇదే వరస. 2013లో సంగీతానికి పులిట్జర్ వచ్చేనాటికి ఆమెకు 30 ఏళ్ళు, ఆ విభాగంలో అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరికీ రాలేదు, నిజమే. కానీ రాత్రికి రాత్రి ఎక్కడండీ?

2009లో బ్రాడ్ వెల్స్ అనే ఆయన ఎనిమిది మందితో రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్ అనే బృందం పెట్టాడు (పేరు వింటే డెంటల్ క్లినిక్ అనుకుంటాం). అప్పటికి వయొలిన్ వాయించుకుంటున్న షా అందులో గాయనిగా చేరింది. వాళ్ళు ఎండాకాలంలో మాసచూసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌లో, పాత ఫ్యాక్టరీ భవనాల్లో నడిచే మాస్ మోకా మ్యూజియంలో మకాం వేసి, రష్యాలోని తువా ప్రాంతంవాళ్ళు ఒకే గొంతులో రెండు స్వరాలు పలికించే గొంతు పాట, గొంతుని ఒక్కసారిగా పైకీ కిందికీ మార్చి పాడే ఆల్ప్స్ కొండల యోడలింగ్, ఉత్తర ధ్రువ ప్రాంతపు మూలవాసులైన ఇన్యూట్ ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఊపిరితో ఆడే పాట, ఇలా ఒక్కొక్కటీ తెలిసినవాళ్ళని పిలిపించుకుని నేర్చుకునేవాళ్ళు. పక్కన నిలబడి పాడేవాడి గొంతు ఎక్కడ పలుకుతుందో, ఎక్కడ జీరపోతుందో ఆమెకి రోజూ వినబడేది. అలా విన్న గొంతుల కోసమే రాసుకుంది 'పార్టిటా ఫర్ ఎయిట్ వాయిసెస్' (ఎనిమిది గొంతుల కోసం నాలుగు భాగాల కూర్పు), అవార్డు వచ్చింది దీనికే. మొదట రాసింది చివరి భాగం, పాసకాలియా. మిగతా మూడూ తర్వాతి రెండు మూడేళ్ళలో వచ్చాయి. 2012 అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది, పులిట్జర్‌కి తనే పంపుకుంది. నాలుగు భాగాలూ కలిపి ఒకే కచేరీలో పాడింది మాత్రం అవార్డు వచ్చాకే!

వినకపోతే ఒకసారి వినండి. మొదట్లో పాటే ఉండదు, మాటలుంటాయి, అదీ చతురస్రంగా నిలబడి వేసే అమెరికా పల్లె డాన్సులో 'పక్కకి, పక్కకి' అని అరిచే కేకలు. వాటిలోకి సాల్ లెవిట్ అనే చిత్రకారుడు గోడ మీద బొమ్మ ఎలా గియ్యాలో రాసిపెట్టిన సూచనలు వచ్చి కలుస్తాయి. మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఇక గోల తప్ప ఏమీ మిగలదనుకునేసరికి ఎనిమిది మందీ కలిసి ఒక్క స్వరసంగతిలోకి దిగుతారు. నాకైతే ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లోవాళ్ళు మాత్రం ఇదేం పాటన్నారు.

ఇందులో తకరారు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. కూరాంట్ అనే భాగంలో ఇన్యూట్ పాట ఉంది. 2019లో ఇన్యూట్ గాయని తాన్యా తగాక్ తమ పాటని ఇలా వాడుకోవడం మీద బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. ఫలానావాళ్ళని పిలిపించి, డబ్బులిచ్చి నేర్చుకున్నామని బృందం వివరణ ఇచ్చుకుంది. డబ్బులిస్తే అయిపోతుందా? నాకైతే తాన్యా అడిగింది న్యాయమే అనిపించింది. అవార్డు రోజున అందరూ రాసింది ఒక్క పేరే, నేర్పినవాళ్ళు ఆ వార్తల్లో ఎక్కడా లేరు.

మన దగ్గరా అంతేగా. పాత పాటల పుస్తకాల్లో 'గానం: ఘంటసాల, బృందం' అని ఉంటుంది. ఆ బృందంలో ఎవరున్నారో ఇప్పుడు చెప్పేవాళ్ళెవరు? పల్లెపాట బాణీ తీసుకుంటే 'జానపదం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, పాడి వినిపించినామె ఊరు కూడా ఉండదు. బృందగానం అంటే ఆగస్టు 15కి పిల్లలందరూ ఒకే వరస పాడటమే అన్నట్టు మనం వదిలేశాం, అది వేరే బాధ.

కాబట్టి మీకో మనవి. సంగీత కార్యక్రమాల వార్తలు వేసేటప్పుడు 'బృందం' అనే మాట దగ్గర ఆగిపోకుండా, కోరస్ పాడినవాళ్ళ పేర్లు కూడా ఒక లైనులో వెయ్యండి. చోటు చాలదంటారేమో, ముఖ్య అతిథుల పేర్లలో ఒకరిద్దరిని తగ్గిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ