కాంటూరు గీత దగ్గర గోదావరి ఆగదు, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విఆర్ పురం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి నమస్కరించి రాస్తున్నాను. మా ఊరు పోలవరం ప్రాజెక్టు ముంపులో ఉందో లేదో తేల్చమని అర్జీలు ఇచ్చాం. రసీదులు ఇచ్చారు. వాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకున్నాం, వరద వస్తుందంటే బియ్యం కంటే ముందు అటకెక్కేవి అవే. కొన్నాళ్లకు ఫోనుకు 'మీ అర్జీ పరిశీలనలో ఉంది' అని మెసేజ్ వస్తుంది. ఇంకొన్నాళ్లకు 'పరిష్కరించబడింది' అని మరో మెసేజ్. ఏం పరిష్కరించారు సార్ అని ఆఫీసుకు వెళ్లి అడిగితే, అది క్లోజ్ అయిపోయింది, కావాలంటే కొత్తది పెట్టుకోండి అన్నారు. కొత్తది పెట్టుకునే బదులు నలుగురూ చదివేలా రాద్దామనిపించింది. తమరు తప్పుగా అనుకోవద్దు.

ముంపు ఊళ్లకు ఇచ్చే ప్యాకేజీల గురించి, ఫేజుల గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నా బాధంతా ఒక్క గీతతోనే. 41.15 మీటర్ల కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అంత ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ మ్యాపు మీద గీసిన గీత. మా ఊరు ఆ గీతకు పైన ఉందట. అందుకని మొదటి లిస్టులో మా పేరు లేదు. డ్యామ్‌లో 45.72 దాకా నీళ్లు నిలబెట్టే రోజు వచ్చినప్పుడు మా వంతు వస్తుందట. ఆ రోజు ఎప్పుడని అడిగితే ఎవరూ నోరు విప్పరు. గోదావరి మాత్రం ఏటా జూలైలోనో ఆగస్టులోనో మా గుమ్మం దాకా వచ్చి వెళుతూనే ఉంది. దానికి లిస్టు ఎవరూ చూపించినట్టు లేరు.

ఒక్కసారి మ్యాపు పక్కన పెట్టి, నదిని చూడండి సార్. భద్రాచలం దాటాక గోదావరి వెడల్పుగా, తీరిగ్గా వస్తుంది. అప్పటికే ప్రాణహిత కలిసింది, ఇంద్రావతి కలిసింది. కూనవరం దగ్గర ఎడమ పక్క నుంచి శబరి వచ్చి చేరుతుంది. అది ఒడిశాలో కోరాపుట్ కొండల్లో పుట్టిన నది, అక్కడ కొలాబ్ అంటారు. ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య సరిహద్దుగా పారి, కుంట అనే ఊరి దగ్గర సీలేరును కూడా కలుపుకుని మా మీదికి దిగుతుంది. అంటే మహారాష్ట్రలో పడ్డ వానా, బస్తర్‌లో పడ్డ వానా, కోరాపుట్‌లో పడ్డ వానా అన్నీ మా ముంగిట్లోనే కలుసుకుంటాయి. కలుసుకున్నాక ఎటు పోవాలి? ఎదురుగా తూర్పు కనుమలు. వాటిని కోసుకుని పోయే దారి ఒక్కటే, పాపికొండల సందు. అటూ ఇటూ కొండలు నిటారుగా నీళ్లలోకి దిగి ఉంటాయి. అక్కడ నది పక్కకు విస్తరించలేదు, లోతుకు పోతుంది, సుళ్లు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీని పైకి తీయడానికి నెలకు పైగా పట్టిందంటే ఆ లోతు ఎలాంటిదో మీకు తెలుసు.

గరాటులో చెంబెడు పోస్తే ధారగా దిగుతుంది, బిందెడు ఒక్కసారి కుమ్మరిస్తే పైకే పొంగుతుంది. మేం ఉన్నది ఆ గరాటు మూతి మీద. ఇది పోలవరంతో మొదలైన సంగతి కాదని నేనే ఒప్పుకుంటాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు కింద పోలవరం డ్యామ్ లేదు. అప్పుడూ మా వాళ్లు కొండెక్కారు. కానీ 2022 జూలైలో భద్రాచలం దగ్గర వచ్చింది 71.3 అడుగులు. 86 కంటే నాలుగు అడుగులు తక్కువ. మా ఊళ్లో పాత బడి గోడ మీద మాత్రం 2022 బురద చార 86 నాటి గుర్తుకు పైన ఉంది. భద్రాచలంలో తగ్గిన నీళ్లు మా దగ్గర ఎందుకు పెరిగాయి? డ్యామ్ పనుల కోసం నదికి అడ్డంగా వేసిన కాఫర్ డ్యామ్ వల్లనా, శబరి పోటు వల్లనా, రెండూ ఒకేసారి రావడం వల్లనా? నేను ఇంజనీరును కాను. తేల్చాల్సింది మీరు. తేల్చకుండా, 'మీ ఊరు కాంటూరుకు పైన ఉంది' అని అదే మాట అంటుంటే మాకు ఒళ్లు మండుతోంది, క్షమించండి.

కాంటూరు అనేది నిలిచి ఉన్న నీటి లెక్క. గాలి కూడా లేని రోజున రిజర్వాయరు అంచు ఎక్కడుంటుందో అది చెబుతుంది. వరదలో ఉన్న నది అలా బల్లపరుపుగా పడుకోదు. నీరు ముందుకు పారాలంటే వాలు ఉండాలి. ఇరుకు సందులోంచి లక్షల క్యూసెక్కులు తోసుకుని పోవాలంటే ఆ వాలు ఇంకా పెరగాలి. కాబట్టి డ్యామ్ గేట్లున్న స్పిల్‌వే దగ్గర ఎంత మట్టం ఉందో కొండలకు ఎగువన అంతకంటే ఎక్కువే ఉంటుంది. మీ 48 గేట్లూ పూర్తిగా ఎత్తి ఉన్నా ఇది మారదు, ఎందుకంటే పాపికొండలకు గేట్లు లేవు. గేట్ల దగ్గర మట్టం చూసి మా ఊరు మునగదని చెప్పే సారు ఒక్కసారి ఆగస్టులో మా వీధిలో నిలబడి అదే మాట చెబితే వినాలని ఉంది. మోకాళ్ల దాకా ప్యాంటు మడుచుకుంటే సరిపోదని ముందే మనవి చేస్తున్నాను.

శబరి సంగతి వేరే చెప్పాలి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరికి చోటు దొరకదు. నీళ్లు నిలబడతాయి, తర్వాత వెనక్కి నడుస్తాయి. కూనవరం వంతెన మీద నుంచి చూస్తే దుంగలూ, వెదురు బొంగులూ, గడ్డివాముల ముక్కలూ కిందికి పోవాల్సింది పోయి చింతూరు వైపు తేలుతూ పోతుంటాయి. నది ఎదురెక్కిందని మా వాళ్లు అప్పుడే తట్టాబుట్టా సర్దుతారు. సోకిలేరు వాగూ అంతే. మా దగ్గర ఎండ కాస్తుంటుంది, వారం నుంచి చినుకు పడి ఉండదు, వాగు మీద రోడ్డు మాత్రం మునిగి ఉంటుంది. ఎగువ నుంచి నీరొచ్చి మునిగిన వాగు ఎప్పుడో అప్పుడు తగ్గుతుంది. నది వెనక్కి తోసిన నీటితో మునిగిన వాగు నది తగ్గేదాకా తగ్గదు. చింతూరు ఆసుపత్రికి పోవాల్సిన గర్భిణి ఈ ఒడ్డున, అంబులెన్సు ఆ ఒడ్డున. అంబులెన్సు డ్రైవరు పాపం ఫోన్ చేస్తూనే ఉంటాడు, మీరు ఎక్కడున్నారని. ఇక్కడే ఉన్నాం, కనిపిస్తున్నాం కూడా.

టీవీలో మాత్రం ఒకటే లెక్క. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. రాముడి దయ వల్ల భద్రాచలానికి కరకట్ట ఉంది, దాని అడుగులు దానికి పనికొస్తాయి. కుంట దగ్గర శబరి ఎంత ఉందో కలపకుండా ఆ అడుగులు మాకు సగమే చెబుతాయి. భద్రాచలంలో రెండో హెచ్చరిక దాటకుండానే మా రోడ్డు పోయిన సంవత్సరాలు ఉన్నాయి. మా ఊరి ముసలాయన ఒకడు నీళ్ల రంగు చూసి చెబుతాడు, ఇది శబరి ఎరుపు, ఇది గోదావరి బూడిద అని. ఆయన అంచనా మాకు వచ్చే మెసేజ్ కంటే ముందే వస్తుంది. ఆయనకు జీతం లేదు.

ఇంక నాకు అన్నిటికంటే మంట పుట్టించే విషయానికి వస్తాను. మా ఊరికి సీసీ రోడ్డు అడిగాం. 'ముంపు ఊరు కదయ్యా, రేపో మాపో పోయేదానికి రోడ్డెందుకు' అన్నారు. అంగన్‌వాడీకి కొత్త బిల్డింగు అడిగాం. ముంపు ఊరు అన్నారు. పాత ఇల్లు కూలిపోతోంది, పక్కా ఇల్లు ఇవ్వండి అంటే, ముంపు ఊళ్లకు మంజూరు చేయడం లేదన్నారు. సరే, ముంపు ఊరే కదా, మరి ప్యాకేజీ ఇచ్చి పంపేయండి అంటే, 'మీది ముంపులో లేదు' అన్నారు. పొద్దున ఒక టేబుల్ దగ్గర మేం మునిగిపోతాం, మధ్యాహ్నం ఇంకో టేబుల్ దగ్గర తేలిపోతాం. ఈ రెండు టేబుళ్లూ ఒకే వరండాలో ఉన్నాయి మంత్రి గారూ, మధ్యలో తాగునీటి కుండ తప్ప ఏమీ లేదు. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి మేం ఎటు వైపో ఒక్క మాట తేల్చి చెప్పమనండి. మునుగుతామంటే మునిగేవాళ్లకు ఇచ్చేది ఇవ్వండి. మునగమంటే బతికేవాళ్లకు ఇచ్చేది ఇవ్వండి. రెండూ ఇవ్వకపోవడానికి ఏ జీవో ఉందో నాకైతే కనిపించలేదు.

అదేదో కట్టుకథ అనుకుంటారేమో. ఇంకోటి వినండి. ప్యాకేజీకి అర్హత చూసే కటాఫ్ తేదీకి పద్దెనిమిది నిండని కుర్రాడికి ఇప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. కాగితాల్లో వాడు ఇంకా వాళ్ల నాన్న కుటుంబంలో మైనరు. వాళ్ల నాన్న లేడు.

వరద రోజుల్లో మేం ఎక్కే కొండ గురించి చెప్పాలా? బరకం కింద నాలుగు కుటుంబాలు. పక్కనే పశువులు. అదే కొండ ఎక్కాలని పాములకూ తేళ్లకూ అనిపిస్తుంది, వాటిదీ మా కష్టమే. పగలు నీళ్ల ట్యాంకరు రాదు, చుట్టూ నీళ్లే. లాంచీలో వచ్చి ఉల్లిపాయలూ బంగాళదుంపలూ ఇచ్చి ఫోటో తీసుకుని వెళతారు. కట్టెలు తడిసిపోయి పొయ్యి వెలగదు కాబట్టి ఆ బంగాళదుంపలు చాలాసేపు బంగాళదుంపలుగానే ఉంటాయి. నీళ్లు తగ్గాక ఇంకో కథ. ఇంట్లో జానెడు బురద. మెత్తటి, జిడ్డు లాంటి ఒండ్రు. తడిగా ఉండగానే ఎత్తి పోయాలి, రెండు రోజులు ఆగితే గడ్డకట్టి పార దిగదు. పొలంలో అదే ఒండ్రు మిరపకు బంగారమని మా తాతలు అన్నారు, నిజమే, కానీ నారు పోసిన తర్వాత వస్తే నారంతా దాని కిందే. బియ్యం బస్తా, పుస్తకాలు, రేషన్ కార్డు, అన్నిటికీ అదే రంగు.

ఇన్ని చెప్పినా, ఈ చోటు పనికిరానిదని మాత్రం అనను. మీరు శీతాకాలంలో ఏసీ లాంచీలో వచ్చినప్పుడు చూసి ఉంటారు. పొద్దున పొగమంచు విడిచేసరికి రెండు పక్కలా కొండలు, పేరంటాలపల్లి గుడి పక్కన జలధార, కొల్లూరు ఇసుక తిన్నెలు. ఆ కొండల మీద మద్ది, వెదురు, జీలుగు, ఇప్ప. అడవిదున్నలు తిరిగే అడవి కాబట్టే ఇంగ్లీషువాళ్లు దీన్ని బైసన్ కొండలన్నారు. 2008లో జాతీయ పార్కు చేశారు. అందులో ఉండే కొండరెడ్లకు వెదురు లేకపోతే బుట్ట లేదు, తడిక లేదు, సంతలో అమ్ముకునేది లేదు. మైదానంలో కాలనీ కట్టి, వరుసగా ఇళ్లు ఇచ్చి, వెదురు ఎక్కడుందయ్యా అంటే సమాధానం లేదు. అలా వెళ్లిన కుటుంబాల్లో కొందరు ఎండాకాలం మళ్లీ వెనక్కి వచ్చి అడవిలోనే ఉంటున్నారు. పాపికొండల ఫోటో మీ టూరిజం పోస్టర్ల మీద అందంగా ఉంది. ఆ ఫోటోలో మూలన కనిపించే పాకలు ఎవరివో కింద రాస్తే బాగుండేది.

మేం అడిగేది పెద్దదేం కాదు. కాంటూరుతో పాటు 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గుర్తును లెక్కలోకి తీసుకోండి. ఊరూరా గోడల మీద ఉంది, ఉపగ్రహం అక్కర్లేదు, టేపు చాలు. వరద సమయంలో కూనవరం దగ్గర, విఆర్ పురం దగ్గర నీరు ఎంత ఎత్తుకు వస్తుందో వెనుక జలాల సర్వే చేయించి ఆ కాగితాలు తెలుగులో పంచాయతీ గోడకు అంటించండి. లైడార్ చేశాం కదా అంటారు. చేశారు, విమానం పైనుంచి నేల కొలిచారు. నీళ్లను కొలిచింది ఎవరు? కుంట, కూనవరం మట్టాలు కలిపి మాకు హెచ్చరిక ఇవ్వండి. సోకిలేరు మీద ఎత్తయిన వంతెన కట్టండి, అదీ కుదరకపోతే కనీసం ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి అంబులెన్సు పెట్టండి. కటాఫ్ మార్చండి. అన్నిటికంటే ముందు, మేం ముంపో కాదో చెప్పండి. దయచేసి చెప్పండి. ఏదైనా సరే, రాతపూర్వకంగా, మీ సంతకంతో.

'పరిశీలిస్తాం' అనే మాట మాత్రం వద్దు, ఆ కాగితాలు కవర్లో ఇంక పట్టడం లేదు.

స్వయంగా చూస్తానంటే ఇంతకంటే సంతోషం లేదు. జనవరిలో వద్దు సార్, అప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఆగస్టులో రండి, భద్రాచలంలో రెండో హెచ్చరిక ఎగరేసిన రోజున. కారు చింతూరు దాటి సోకిలేరు దాకా వస్తుంది. అక్కణ్నుంచి నాటు పడవ మేం తెస్తాం, లైఫ్ జాకెట్ మాత్రం మీరే తెచ్చుకోవాలి, మాకు ఇస్తామన్నవి ఇంకా రాలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
లిస్టులో లేని ఊరి రైతు